టైలర్ అని సేవ్ చేసుకున్న నంబరు

నేను చేసిన వెధవపని ముందే ఒప్పుకుంటాను. గ్రేసీ అక్క పగిలిన ఫోన్ గ్లాసు మార్చమని నా అంగట్లో ఇచ్చింది. గ్లాసు మార్చి ఊరుకోలేదు, తెలివి కూడా చూపించాను.

గ్రేసీ చిత్తూరులో హెచ్‌ఐవీ పరీక్షల కేంద్రంలో కౌన్సిలర్. జన్మలో సూదిలో దారం ఎక్కించి ఎరగదు గానీ, నలభైమంది ఆడవాళ్ల ఫోన్లలో ఆమె పేరు ‘టైలర్’. ఎవరికి ఏ రోజు మందులో, ఎవరికి పరీక్షో ఆఫీసు యాప్ చెబుతుంది. ఆమె దాన్ని తన భాషలోకి మార్చి ఒక్కొక్కరికీ విడిగా పంపుతుంది. ‘ఫాల్ కుట్టేసినా, తీసుకుపో’ అంటే మందులొచ్చాయని. ‘కొలతలకు రా’ అంటే పరీక్షకని. ఇంట్లో ఉండే ఒక్క ఫోనూ మొగుడి జేబులోనో అత్త ఒళ్లోనో ఉంటుంది మరి.

నాకది మోటుపనిలా కనిపించింది. నలభై నంబర్లకూ ఒకేసారి పోయేట్టు పెట్టేశాను: ‘హెచ్‌ఐవీ మందులు వేసుకున్నారా? మీ కౌన్సిలర్ గ్రేసీ.’ పైన ఎర్ర రిబ్బను బొమ్మ. అక్క చూసి మురిసిపోతుందనుకున్నాను.

సాయంత్రానికి పదకొండు నంబర్లు స్విచాఫ్. అందులో ఒకామెకు తొమ్మిదో నెల. మునిలక్ష్మి అనుకుందాం, అసలు పేరు రాయను. కాన్పు పెద్దాసుపత్రిలో జరగాలి, పుట్టిన బిడ్డకు మూడు రోజుల్లోపు సిరప్ మొదలుపెట్టాలి. అప్పుడే తల్లి జబ్బు బిడ్డకు అంటకుండా ఆపగలిగేది. ఆ మెసేజి చూసింది అత్త. చదవడం రాక పక్కింటామెతో చదివించుకుంది.

మర్నాడు గ్రేసీ వెళ్తే ఆ అత్త వాకిట్లోనే ఆపింది.

"ఏం కుట్టేదానికి వచ్చినావు? కుట్టింది చాల్లే. ఆ యమ్మి పుట్టింటికి పోయింది."

"యాడమ్మా పుట్టిల్లు?"

"మాకు తెలీదు."

ఐరాల పక్క పల్లె అని తెలుసుకునేసరికి వారం గడిచింది. నా బండి మీదే పోయాం. దారిలో ప్రతి గుంతలోనూ దించినా గ్రేసీ తిట్టలేదు. నాకు భయమేసింది. పోయేసరికి బిడ్డ పుట్టి ఐదో రోజు. ఆసుపత్రికి పోతే ఊరంతా తెలుస్తుందని కాన్పు ఇంట్లోనే చేయించారు.

గ్రేసీ మంచం పక్కన నేల మీద కూర్చుంది. బిడ్డ అరికాలు నిమిరింది.

"నువ్వట్ల రాసి పంపిస్తావని అనుకోలేదక్కా," అంది మునిలక్ష్మి.

గుమ్మంలో ఉన్న నా వైపు గ్రేసీ చూడను కూడా చూడలేదు. "తప్పయిపోయింది తల్లీ," అంది.

ఆలస్యమైనా సిరప్ మొదలుపెట్టమన్నాడు డాక్టరు. ఆరు వారాలకు బిడ్డ రక్తం తీసి పంపారు. మంచి కబురైతే గ్రేసీ ఆమె పుట్టింటి ఫోనుకు ‘జాకెట్టు సరిపోయింది’ అని మెసేజి పెడుతుంది. కాకపోతే ఫోన్ ముట్టదు, మనిషే పోతుంది.

నిన్న మధ్యాహ్నం నా అంగడి ముందుకొచ్చి, ఐరాల పోవాలంది.

"రిపోర్టు వచ్చినాదా అక్కా? ఏమని వచ్చింది?"

"ఆ యమ్మికే ఇంకా చెప్పలే. నీకు ముందు చెప్పాల్నా? నోరు మూసుకోని బండి తియ్యి."