ఊక నిలిచిన వాకిలి

మా తోడికోడలు పోయింది. ఫోనొచ్చేటప్పటికి నేను ఉదయగిరిలో చుట్టాలింట్లో ఉండాను. ఉన్నపళాన బస్సెక్కి ఆత్మకూరులో దిగి, ఆటో ఎక్కి మా వీధి పేరు చెప్పంగానే ఆ డ్రైవరు, "ఊక పోసే అవ్వ పోయిందంట గదమ్మా, పాపం" అన్నాడు. పెళ్ళైనకాడ్నుంచి ఆ వీధిలోనే కాపరం చేస్తా ఉండాను, నేనెవరో వాడికి తెలీదు. మీకు అబద్ధమెందుకు చెప్పాల? ఏడుపు కంటే ముందు ఒళ్ళు మండింది.

ఆమె మా ఆయన అన్న పెళ్ళాం. అక్కా అని పిలిచేదాన్ని. ఆమె పుట్టిల్లు సీతారామపురం కాడ మెట్ట పల్లె. మాది కలువాయి, మా నాయనకు మాగాణి ఉండాది. చదువు నాకే ఎక్కువ, రంగు నాకే ఎక్కువ. అయినా అత్త నోట్లో నానింది ఆమె పేరే. "పెద్దదాన్ని చూసి నేర్చుకోమే" అనేది. ఏం నేర్చుకోవాలంట? వానొస్తే అందరం తలుపులేసుకుంటాం, ఆమె కొంగు దోపుకుని వీధిలోకి పోయేది.

మా వీధి వాలుగా ఉంటుంది. బజారులో పడ్డ వాన నీళ్ళన్నీ మా సైడు కాలవలో దిగి, కింద తుంగ మొలిచిన కుంటలోకి పోవాల. ఏటా దీపావళి ముందు పడే మొదటి వానకు ఆమె రైసుమిల్లు నుంచి తెచ్చిన గంపెడు ఊక వీధి పైకొసన కాలవలో పోసి, దాని వెంబడే నడిచేది. ఊక ఎవరింటి ముందర నిలిస్తే ఆ ఇంటివాళ్ళు కాలవ మీది బండ లేపి పూడిక తీయాల. ఆమె పెట్టిన ఆచారం అది. అరిచేది కాదు. ఆ ఇంటి అరుగు మీద కూర్చుని "టీ పెట్టమే" అనేది. టీ ఐపోయినా లేచేది కాదు. గడ్డపార బయటికొచ్చేదాకా పుట్టింటి కబుర్లు చెప్పేది. "నీళ్ళు మన ఇల్లడగడంలేదు మే, దోవ అడగతా ఉండాయి. ఇచ్చేస్తే పోతాయి" అనేది.

ఒక ఏడు ఊక మా వాకిట్లోనే నిలిచింది. నా కొడుకు కారెక్కించేదానికి కాలవ మీద సిమెంటు ర్యాంపు పోయించినాడు. ఆమె వచ్చి కూర్చుంది. నేను టీలో చక్కెర వెయ్యలేదు. "బాగుండాదే" అని తాగేసింది. గ్లాసు నీళ్ళడిగితే ఫోన్లోంచి తలెత్తనివాడు, "పెద్దమ్మా, నువ్వు తడవబాకు" అని గడ్డపార తీసుకుని వాన్లోకి పరిగెత్తినాడు. కన్నది నేను గదయ్యా! ఆ పొద్దు నాకు అన్నం సయించలేదు.

"ఎట్టక్కా, అందరూ నీ మాటే ఇంటారు?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేసినాను.

ఆమె కట్టెపుల్లతో కాలవలో ఆకులు లాగతా, "నా మాట ఎవరింటారే? నన్ను లేపి పంపించేదానికి చేస్తారు" అని నవ్వింది.

కుంటను అందరం దోమల గుంట అని తిట్టేవాళ్ళమే. ఆమె మాత్రం సాయంత్రం పూట పోయి నీటికోళ్ళను చూసుకుని వచ్చేది. "అది తాగతా ఉండాది గాబట్టి మన ఇళ్ళు ఆరతా ఉండాయి" అనేది.

ఆమె పోయిన వారంలోనే కుంట కాడికి ట్రాక్టర్లొచ్చినాయి. కుంట పక్కనుండే ఫంక్షన్ హాలాయనకు అక్కడ కార్లు పెట్టే చోటు కావాలని ఎప్పట్నుంచో ఆశ. ఆమె ఉన్నన్నాళ్ళు నోరెత్తలేదు. ఇప్పుడు ఇళ్ళు కూలగొట్టిన రాళ్ళూ మట్టీ తెచ్చి, కాలవ కుంటలో కలిసేకాడ పోయించినాడు. ఇంక వానొస్తే నీళ్ళు మా నట్టిళ్ళలోకే. వీధివాళ్ళందరూ పోయి ఆమె ఖాళీ అరుగు ముందర నిలబడినారు. పక్కింట్లో నేను బతికే ఉండాను, నన్నొక్కరూ పిలవలేదు.

పెద్దకర్మ రోజు వానొచ్చింది. ఎవరూ కదలలేదు. అక్కసుతోనే లేచినాను, ఇంతకంటే మంచి కారణం ఏమీ లేదు. ఆమె గంప తీసుకుని ఊక పోసి, వెంబడే నడిచినాను. ఎదురింటి సాయిబులావిడ, "అచ్చం అక్క మాదిరే నడస్తా ఉండావు" అన్నది. పోయినాక కూడా పోటీకి వస్తాది గదా ఈమె!

ఊక మా వాకిలి దాటింది. అన్ని వాకిళ్ళూ దాటి ఆ రాళ్ళ కుప్ప కాడ నిలిచి, సుడి తిరిగి, వీధిలోకి వెనక్కి మళ్ళింది. ఫంక్షన్ హాలాయన గొడుగేసుకుని వచ్చి, "ఏందమ్మా?" అన్నాడు. నాకు చేతనైంది అరవడమే. తిట్టు నాలిక మీదికి వచ్చేసింది కూడా. మింగేసి, రాళ్ళ మీద కూర్చున్నాను.

"టీ తెప్పించబ్బయా" అన్నాను.

టీ వచ్చింది. తాగేసినాను. ఇంకేం మాట్లాడాలో తెలీక, సీతారామపురంలో వానొస్తే పిల్లలూ ముసలోళ్ళూ ఎట్ట వాకిట్లోకి పరిగెత్తి వస్తారో చెప్పడం మొదలుపెట్టినాను. నేను ఆ ఊరు చూసిందే లేదు. అంతా ఆమె చెప్పిందే, ఒక్క మాట పోకుండా నా నోట్లోంచి వస్తా ఉండాది. వీధి వీధంతా వచ్చి తడస్తా ఇంటా ఉండారు. నేను ఆపలేదు.

ఆయన గొడుగు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, మార్చుకుని, చివరికి అటు తిరిగి గడ్డపార తెమ్మని కేకేసినాడు. నేను మాత్రం లేవలేదు. కాళ్ళ కాడ ఊక తిరగతానే ఉండాది. ఒక రాయి కదిలింది. పిడికెడు ఊక ఆ సందులోంచి జారి, తుంగలోకి, కుంటలోకి, నీటికోళ్ళు ఉన్నకాడికి పోయింది.