అత్తయ్యగారు ఎక్కించిన పురి

నలభై రెండేళ్లకు విలువిద్య మొదలుపెట్టినప్పుడు కష్టాలు ఉంటాయనుకున్నాను గానీ, ఇంట్లోనే ఉంటాయనుకోలేదు. తణుకు నుంచి చుట్టాలొస్తే చాలు, మా అత్తయ్యగారు నా చెక్క విల్లును మంచం కిందకి తోసేస్తారు.

ఈ రోజు సాయంత్రం పెరట్లో గడ్డిమేటుకు గురిపెట్టాను. వారం నుంచీ జరుగుతున్నదే మళ్లీ జరిగింది. బాణం వదలగానే వింటి తాడు వచ్చి ఎడమ మణికట్టు మీద ఫెడీమని కొట్టింది. విల్లుతో పాటు వచ్చిన సీడీ నాలుగుసార్లు చూశాను. తాడుకీ విల్లు పిడికీ మధ్య ఎడం తక్కువైందని అర్థమైంది. దాన్ని పెంచడం ఎలాగో అర్థం కాలేదు.

మినుములు చెరుగుతున్న అత్తయ్యగారు, నల్లగా కమిలిన నా చెయ్యి చూసి చేట పక్కన పెట్టారు.

"తాడులో పురి చాల్లేదమ్మా. నువ్వెప్పుడూ నులకమంచం బిగించలేదేంటి? ఇలా ఇవ్వు."

నా చేత ఒక కొస ఊడదీయించి, తాడును ఇరవై మెలికలు తిప్పారు. తాడు పొట్టిదైంది. మళ్లీ తగిలించేసరికి విల్లు ఇంకాస్త వంగింది. ఈసారి తాడు నా చెయ్యి తాకనే లేదు. బాణం మాత్రం గడ్డిమేటు దాటి పక్కింటి ఆనప పాదులో పడింది.

"ఎవరిదండీ ఈ బాణం?" అని గోడ అవతల నుంచి కేక.

నేను విల్లు దాచబోయాను. అత్తయ్యగారు నా చెయ్యి పట్టుకుని ఆపారు.

"మాదేనండి! మా కోడలు నేర్చుకుంటోంది. కాయకి తగిలిందా?"

తగల్లేదన్నారు. అప్పుడు అత్తయ్యగారు నా వంక చూసిన చూపు చూడాలి!

గురి కుదిరే కిటుకు ఎవరికైనా తెలిస్తే రేపు సాయంత్రంలోగా చెప్పండి. అత్తయ్యగారి ముందు తలెత్తుకోవాలి.