కాలిన కొండ మీద పార్థసారథి వేట

లిఫ్టు చక్కగా పనిచేస్తుండగా, వీపుకి బియ్యం బస్తా కట్టుకుని మెట్లెక్కే మనిషి సింగపూర్ సెంగ్‌కాంగ్‌లో ఆ బ్లాకు మొత్తానికి పార్థసారథి ఒక్కడే. "అంకుల్, లిఫ్ట్ స్పాయిల్ ఆ?" అని మూడో అంతస్తు చైనా ఆవిడ జాలిగా అడుగుతుంది. "నో ఆంటీ, ట్రైనింగ్" అని రొప్పుతూనే నవ్వి పైకి పోతాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషికి దేనికి ట్రైనింగని ఆవిడ ఎన్నడూ అడగలేదు. అడిగి ఉంటే సాయంత్రం దాకా ఆ మెట్ల మీదే నిలబెట్టి చెప్పేవాడు.

ఎల్క్ వేటకి ఆ ట్రైనింగ్. ఎల్క్ కూడా దుప్పి జాతిదే, కాకపోతే మన కణుజు దాని పక్కన నిలబడితే తమ్ముడిలా కనిపిస్తుంది. అది సింగపూర్‌లో ఎక్కడుందంటారా? లేదు. అమెరికాలో, ఐడహో కొండల్లో ఉంది. జురాంగ్ ఐలాండ్‌లో పార్థసారథితో కలిసి పనిచేసిన వాల్ట్, రిటైరై సొంతూరు ఐడహోకి వెళ్ళిపోతూ ఒకసారి రమ్మన్నాడు. సరదాకి వెళ్ళిన మనిషికి పిచ్చి పట్టుకుంది. అప్పటినుంచి లీవులన్నీ దాచుకుని అక్టోబరు వస్తే చాలు వెళ్ళడం, ఉత్త చేతులతో తిరిగి రావడం.

సొంతూరు గాజువాక. జురాంగ్ ఐలాండ్‌లో ఒక కెమికల్ ప్లాంటులో సేఫ్టీ సూపర్‌వైజరు. అక్కడ ఏ పని మొదలుపెట్టాలన్నా ముందు పర్మిట్ మీద ఆయన సంతకం పడాలి. విషవాయువు ఉందేమో చూసే గ్యాస్ టెస్ట్ పాతబడిందనో, నిచ్చెన కట్టలేదనో కాగితం వెనక్కి తోసేస్తాడు. ఎవరు బతిమాలినా, ఎవరు అరిచినా ఆ చెయ్యి కదలదు. కాంట్రాక్టు వాళ్ళు ఆయనకి 'స్టాప్ సారథి' అని పేరు పెట్టారు. ఆ పేరు తనకి తెలుసని ఆయన వాళ్ళకి తెలియనివ్వలేదు గానీ, లోలోపల దాన్ని బిరుదులాగే చూసుకునేవాడు.

నిప్పుకి బద్ధశత్రువైన ఈ మనిషి అడవిలో వెతుక్కుంటూ పోయేది మాత్రం కార్చిచ్చు కాల్చిన చోటికే. అందులో కిటుకు వాల్ట్ నేర్పాడు. అడవి కాలాక నేలకి ఎండ తగులుతుంది, రెండు మూడేళ్ళకి లేత గడ్డి లేస్తుంది. ఎల్క్ పగలంతా కాలని అడవి నీడలో పడుకుని, పొద్దునా సాయంత్రమూ ఆ గడ్డికి బయటికొస్తాయి. కాలిన చోటుకీ కాలని చోటుకీ మధ్య అంచు చూసుకుని కూర్చున్నవాడే వేటగాడు. ఇంటికొచ్చాక ప్యాంట్లనిండా మసి. "వేటకెళ్ళారా, బొగ్గుల కొట్టుకెళ్ళారా?" అని భార్య సరోజిని వాటిని విడిగా నానబెడుతుంది.

ఆదివారాలు హౌగాంగ్ కాఫీషాపులో కలిసే మిత్రులు ఇంతకంటే దారుణం. వేట మాంసం సింగపూర్‌లోకి రానివ్వరు. కాబట్టి కొట్టినా రుజువు లేదు, కొట్టకపోయినా లేదు. "నిజం చెప్పు గురూ, నువ్వెళ్ళేది ఐడహోకా, పక్కనున్న బాటమ్ దీవికా?" అనేవాడు సుధాకరరావు. ఆయన కూడా ఆ ఐలాండ్‌లోనే, ట్యాంకులు శుభ్రం చేసే కాంట్రాక్టు కంపెనీలో సూపర్‌వైజరు. పక్కనున్న ఉపేంద్ర కాఫీ ఒలికేలా నవ్వేవాడు. పార్థసారథి ఉడుక్కునే రకం కాదు. "కొట్టిననాడు మొదట నీకే ఫోన్ చేస్తాన్రా" అనేవాడు.

ఈ ఏడు మోకాలు మొండికేసింది. డిసెంబరులో ఆపరేషన్, ఆ తర్వాత కొండల మాట మరిచిపోండి అన్నాడు డాక్టరు.

"ఇదే ఆఖరు. నా మీద ఒట్టెయ్యండి" అంది సరోజిని.

వేశాడు. వేసి హౌగాంగ్ వెళ్ళి, "ఈసారి కొట్టకుండా రాను" అని అందరి ముందూ చెప్పేశాడు.

ఐడహోలో వాల్టూ తనూ వారం పాటు కాలిన కొండ మీద తిరిగారు. కాలు పడ్డ చోటల్లా బొగ్గు కరకరమంది. పార్థసారథి మోకాలు కూడా దానికి వంత పాడింది. ఎల్క్ జాడలు కనిపించాయి, ఎల్క్ కనిపించలేదు. చివరి సాయంత్రం పల్లం అంచున ఒక బండ వెనక కూర్చున్నారు. పల్లంనిండా చచ్చి నిలబడ్డ చెట్లు. కింద వేళ్ళు కాలిపోయాయి, పైకి మాత్రం నిటారుగా ఉన్నాయి. అలాంటివి ఎప్పుడు ఒరుగుతాయో ఎవరూ చెప్పలేరు. గాలి లేనంతసేపూ ఫరవాలేదు.

గాలి మొదలైంది. చెట్లు కిర్రుమన్నాయి. సరిగ్గా అప్పుడే అవతలి అడవిలోంచి ఎల్క్ బయటికొచ్చింది. పెద్ద మగది. కొమ్ములు వెనక్కి వాల్చి, నడిచొచ్చి, ఆ చెట్ల మధ్య గడ్డిలో తల దించింది.

"కొట్టు" అన్నాడు వాల్ట్ చెవిలో.

తుపాకీ భుజానికి ఆనింది. గురి కుదిరింది. ఇన్నేళ్ళ మెట్లూ, బియ్యం బస్తాలూ, ఎగతాళీ అన్నీ ఆ వేలి కిందికి వచ్చాయి. పార్థసారథికి ఆ క్షణంలో ఎల్క్ ఎంత కావాలనిపించిందంటే, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొట్టగలడు. గురి తప్పదు కూడా. కానీ కొట్టాక ఏమిటి? కొట్టిన జంతువును కొండ మీద వదిలేసి రావడం వేటగాడికి తప్పు. దాని కోసం పల్లంలోకి దిగాలి, కోయాలి, మోయాలి, ఒక్క విడతలో తేలే బరువు కాదు. అంతసేపూ ఈ గాలిలో, ఆ చెట్ల కింద, ఇద్దరు ముసలాళ్ళు. దిగే ముందు ఆలోచించాలి గానీ దిగాక కాదు. తుపాకీ దించేశాడు.

"ఏమైంది?"

"గాలి. పల్లంలోకి దిగకూడదు. దిగకూడనప్పుడు కొట్టకూడదు."

"గాలి ఆగుతుంది. ఆగకపోతే పొద్దున్నే తెచ్చుకుందాం."

"రాత్రికి ఎలుగుబంట్లు వదులుతాయా? కొడితే నువ్వాగవు, వాల్ట్. నువ్వు దిగితే నేనూ దిగుతాను. ఆపేస్తున్నా."

"ఇది నీ ప్లాంటు కాదయ్యా!" అని వాల్ట్ గొంతు పెంచాడు. ఎల్క్ తలెత్తి చూసింది. తొందరేమీ లేనట్టు నడుచుకుంటూ చీకటి అడవిలోకి పోయింది.

పొద్దున్నకి గాలి పూర్తిగా ఆగిపోయింది. కనిపించినంత మేర పల్లంలో ఒక్క చెట్టూ పడలేదు. ఎయిర్‌పోర్టు దాకా వాల్ట్ రోడ్డు మీంచి చూపు తిప్పలేదు. అది పార్థసారథిని కోసింది. చెట్టు పడనంత మాత్రాన తన లెక్క తప్పని మాత్రం ఆయన ఒక్క నిమిషం కూడా అనుకోలేదు. విమానంలో హాయిగా నిద్రపోయాడు.

ఇంట్లో కూతురు ప్రణవి సంగతంతా విని, "కొట్టేశానని చెప్పెయ్ లా, డాడీ. హూ విల్ చెక్?" అంది సింగపూర్ యాసలో.

"ఎవడూ చెక్ చెయ్యడమ్మా. అయినా నేను చెప్పను" అన్నాడు.

ఆదివారం కాఫీ వచ్చేదాకా కూడా ఆగలేదు సుధాకరరావు. "ఏటి గురూ, ఫోన్ రాలేదేటి మరి?"

"కొట్టలేదు. ఎదురుగా నిలబడింది. నేనే వద్దనుకున్నాను" అని పార్థసారథి జరిగింది జరిగినట్టు చెప్పాడు. చెట్లు పడలేదని కూడా చెప్పాడు.

ఉపేంద్ర చేతులు చరిచాడు. "ఇంతవరకూ దొరకలేదన్నావు, ఇప్పుడు దొరికినా వదిలీసానంటున్నావు. భలే కథ గురూ! రేపు ఇంక ఎల్క్ వచ్చి నీకు దండం పెట్టిందంటావేటి?"

పార్థసారథి కూడా నవ్వాడు. నవ్వనివాడు సుధాకరరావు ఒక్కడే. చెంచాతో కాఫీ కలుపుతూ కూర్చుని, కాసేపటికి ఉపేంద్ర వైపు తిరిగాడు.

"కథ కాదురా. వీడు వదిలీసుంటాడు. ఒకపాలి పొద్దున్నే మా ట్యాంకు పర్మిట్ ఆపీసాడు. గ్యాస్ టెస్ట్ మళ్ళీ చెయ్యమన్నాడు. ట్యాంకులోకి ముందు దిగాల్సినోణ్ణి నేనే. గేటు దగ్గర అందరి ముందూ వీణ్ణి నానా బూతులూ తిట్టాను."

"మళ్ళీ టెస్టులో గ్యాస్ ఉందేటి?" అన్నాడు ఉపేంద్ర.

"సాయంత్రం చేశారు. ఏమీ లేదు. పొద్దున ఉందో లేదో ఎవడికీ తెలీదు. ఆ రేత్రి ఇంటికెళ్ళి పిల్లల్తో కూచుని అన్నం తిన్నాను. అదొక్కటే నాకు తెలుసు."

సుధాకరరావు లేచి జేబు తడుముకున్నాడు. "ఇయ్యాల కాఫీ నాది. నీకు పంచదార ఎక్కువా తక్కువా, ఎప్పుడూ అడగనేలేదు" అన్నాడు పార్థసారథితో.