ఏడో పేజీ అడిగే ముందు

రిటైరవడానికి రెండేళ్ల ముందు, ఒక అక్టోబరు నెలలో, విశాఖ ఫిషింగ్ హార్బర్‌లోని చిన్న బోటు యజమానుల సంఘానికి మా ప్రోగ్రాం కొత్త వెర్షన్ అమర్చే పని నాకు అప్పగించారు. మా సంస్థ దువ్వాడలో ఉండేది. నేను అక్కడ సీనియర్ ప్రోగ్రామర్ని. సి భాషలో, యంత్రానికి బాగా దగ్గరగా ఉండే కోడ్ రాయడం నా పని.

సంఘం ఆఫీసులో వైర్‌లెస్ సెట్టు దగ్గర పోలమ్మ కూర్చునేది. మాట అందే దూరంలో ఉన్న బోట్లతో ఆమె నేరుగా మాట్లాడేది. అంతకంటే దూరం వెళ్లిన బోట్ల నుంచి చిన్న సంకేతం మాత్రం వచ్చేది. హోరులోంచి దాన్ని ఏరి, బోటు ఎక్కడుందో తెర మీద చుక్కగా చూపించడమే మా ప్రోగ్రాం చేసే పని. బోట్లలోని పరికరాలను వారం ముందే కొత్త పద్ధతికి మార్చేశాం. పాత వెర్షన్ ఇక వాటి సంకేతాన్ని చదవగలిగేది కాదు.

నేను వెళ్లిన రోజు ఉదయమే వాయుగుండం బలపడుతోందని, బోట్లు వెనక్కి రావాలని హెచ్చరిక వచ్చింది. మాట అందిన బోట్లన్నిటికీ పోలమ్మ చెప్పేసింది. ఒక్క బోటే మిగిలింది. దాని డ్రైవరు, అంటే నడిపే పెద్ద, ఆమె భర్త అప్పన్న. అది ఎక్కడుందో తెలిస్తే దగ్గర్లోని మరో బోటు ద్వారా కబురు పంపొచ్చు.

నేను కొత్త వెర్షన్ ఎక్కించి మొదలుపెట్టాను. తెర మీద కిటికీ తెరుచుకుని, మరుక్షణం మూసుకుపోయింది. మళ్లీ అదే.

“అదేటి బాబూ, అలా కన్నుకొట్టి పోతంది?” అంది పోలమ్మ. నవ్వుతూనే అంది గానీ చెయ్యి మాత్రం సెట్టు మీంచి తియ్యలేదు.

దువ్వాడలో ఉన్న నా సహోద్యోగి రహీంకి ఫోన్ చేశాను. పాత పట్నం కుర్రాడు, పూర్ణా మార్కెట్ దగ్గర వాళ్ల నాన్నకు గడియారాల రిపేరు షాపు. తన దగ్గర బాగానే నడుస్తోందన్నాడు. “ఆ కంప్యూటర్ని పాత ఇనుం కొట్టు కాటాకి వేసెయ్యండి సార్, నాలుగు కిలోలు తూగుతుంది,” అన్నాడు. వెయ్యడానికి లేదు. వైర్‌లెస్ సెట్టును కలిపే కార్డు ఆ పాత కంప్యూటర్లోనే పడుతుంది.

ప్రోగ్రాం నడక నమోదయ్యే లాగ్ చూస్తే, ప్రాసెసర్ తనకు తెలియని ఆదేశం దగ్గర ఆగిపోయిందని ఉంది. నాకు ఆశ్చర్యం వేసింది. ఆ జాగ్రత్త నేనే రాశాను. ఒకేసారి చాలా సంఖ్యలను లెక్కించే ఆదేశాలు కొత్త ప్రాసెసర్లకే ఉంటాయి. కాబట్టి ప్రోగ్రాం ముందుగా ప్రాసెసర్నే “నీకివి వచ్చా?” అని అడుగుతుంది. వస్తే వేగమైన దారి, రాకపోతే నెమ్మది దారి. జవాబులు ప్రాసెసర్లో పేజీల వారీగా ఉంటాయి. మాకు కావలసింది ఏడో పేజీలో ఉంది. ఈ పాతది ‘వచ్చు’ అని ఎందుకంది?

అప్పుడే సెట్టులో పోలమ్మ మరిది సత్తియ్య గొంతు వినిపించింది. వెనక్కి వస్తున్న ఒక బోటులో కళాసీ అతను. బోటు ఎంత దూరం వచ్చిందో నీటి లోతును బట్టి తెలుస్తుంది, అయినా పోలమ్మ ముందు లోతెంతని అడగలేదు. “ఒరే సత్తిగా, లోతు సూపే మిషన్ కాడున్నావా, వంట కాడున్నావా? అది సెప్పు ముందు,” అంది.

“వంట కాడే, వదినా.”

“అయితే నోరు మూసుకుని డ్రైవర్ని పిలు.”

ఎందుకలా అని అడిగాను. “లోతెంతని అడిగితే తెల్దనడు బాబూ. ఇందాక ఇన్న లెక్కే మళ్లీ సెప్పేత్తాడు. అబద్ధం కాదు, ఆడికి తెలిసిన ఆఖరి మాట అదే. అందుకే ముందు ఎక్కడున్నాడో అడుగుతాను.”

నేను కోడ్ వైపు తిరిగాను. ఈ పాత ప్రాసెసర్లో ఎన్ని పేజీలున్నాయో చూశాను. ఏడో పేజీ లేదు. ఐదుతోనే అయిపోతాయి. లేని పేజీ అడిగితే ఆ తరహా ప్రాసెసర్ ‘లేదు’ అనదు, తన దగ్గరున్న ఆఖరి పేజీనే చేతికిస్తుంది. అందులో అదే చోట ఉన్న వేరే సంగతిని మా ప్రోగ్రాం ‘వచ్చు’ అని చదువుకుంది.

మేం దువ్వాడలో వాడే కంపైలర్, అంటే కోడ్‌ని యంత్ర భాషలోకి మార్చే ప్రోగ్రాం, ఇచ్చే ఫంక్షన్ పేజీ ఉందో లేదో తానే చూసుకునేది. సంఘం కంప్యూటర్ కోసం వాడిన రెండో కంపైలర్లో దాదాపు అదే పేరుతో ఉన్న ఫంక్షన్, మన ప్రశ్నను ఉన్నదున్నట్టు ప్రాసెసర్‌కు అందిస్తుంది, అంతే. పేర్లు దగ్గరగా ఉన్నాయని పనీ ఒకటే అనుకున్నాను. తప్పు నాదే. కొత్త యంత్రాల మీద అది ఎన్నటికీ బయటపడేది కాదు.

రహీంకి ఫోన్లో చెప్పాను. ముందు సున్నా పేజీ అడుగు, మొత్తం ఎన్ని పేజీలున్నాయో అది చెబుతుంది. ఏడుకు తక్కువైతే ఇక అడగొద్దు. ఈసారి కాటా మాట ఎత్తలేదు. “రెండు లైన్లు సార్,” అన్నాడు. అరగంటలో కొత్త ఫైలు వచ్చింది.

కిటికీ తెరుచుకుంది, నిలబడింది. నెమ్మది దారిలోనే నడిచింది. చుక్కలు ఒక్కొక్కటే వచ్చాయి. అప్పన్న బోటు చుక్క చివర్న, భీమిలికి చాలా తూర్పుగా పడింది. పోలమ్మ కొంగుతో తెర మీద ఆ చోటు తుడిచింది. అక్కడ దుమ్మేమీ లేదు. వెంటనే సెట్టు అందుకుంది.

“సత్తిగా, మీయన్నకి దగ్గర్లో ఉన్నది మీరే. పిలిసి ఎనక్కి రమ్మను. వలలో సేపలున్నాయని సాగదీత్తే, నాను ఇంటి తలుపు తియ్యనని సెప్పు.”

మర్నాడు గాలి పెరగకముందే అప్పన్న బోటు ఒడ్డు చేరింది. తలుపు సంగతి నేను అడగలేదు.

ఆ వారమే ప్రాసెసర్‌ని అడిగే ప్రశ్నలన్నిటినీ ఒకే ఫైలులోకి తెచ్చాం. కంపైలర్ ఏదైనా మా కోడ్ ఆ ఫైలునే అడగాలి, ఆ ఫైలు ముందు పేజీల లెక్క అడగాలి. రహీం పూర్ణా మార్కెట్ వైపు వెతికి, పాత సామాన్లలోంచి అలాంటి కంప్యూటరే ఒకటి తెచ్చి పరీక్షల బల్ల మీద పెట్టాడు. అప్పటి నుంచి మా ప్రోగ్రాం ఏదైనా ముందు దాని మీద నడిచాకే బయటికి వెళ్లేది. జవాబు వచ్చినంత మాత్రాన ఎదుటివారికి తెలిసినట్టు కాదని ఆ పనిలో నేర్చుకున్నాను. దానికి ముందు అడగవలసిన ప్రశ్న నాకు పోలమ్మ దగ్గర దొరికింది.