భుజం దిగిన చొక్కా

ఆమదాలవలస బట్టల కొట్లో మా అమ్మది ఎప్పుడూ ఒకటే మాట: "ఎదిగే పిల్లడు బాబూ, పెద్ద సైజు సూపించు." ఆ చొక్కా మోకాళ్ల దాకా వేలాడేది, భుజం కుట్టు మోచేతి దగ్గరికి జారేది. బడి ఫొటో తీసేరోజు మాస్టారు నన్ను చూసి నవ్వి, వెనక వరసలోకి పంపేశారు. చొక్కా ఒంటికి సరిపోయేనాటికి వెలిసిపోయి చిరిగేది.

ఇప్పుడు మా అబ్బాయి సరిగ్గా అలాంటి చొక్కాలనే డిజైనర్ పేరు చూసి కొంటున్నాడు. ఛీ, అదేం సోకు!

మొన్న మేనకోడలి పెళ్లికి నేను దర్జీకి కొలతలిచ్చి చొక్కా కుట్టించుకున్నాను. కుట్టు భుజం మీద చక్కగా కూర్చుంది. ఫొటో దగ్గర మావాడు నన్ను ఎగాదిగా చూశాడు.

"పాతకాలం సొక్కా నాన్నా అది. ఎనక్కెళ్లి నిల్సో."