తూనీగ కాళ్ల దగ్గర గోందు

నా చిన్నప్పుడు ఒక తూనీగను గోందుతో కొమ్మకు అతికించాను. ఆ నింద పక్కింటి అక్క మీద పడినప్పుడు నిజం చెప్పలేదు. పైగా అబద్ధం చెప్పాను. ఇన్నేళ్లూ దాచిన సంగతి ఇది.

అప్పుడు మేం నాంపల్లిలో కిరాయికి ఉండేవాళ్లం. అక్క ఆబిడ్స్‌లోని ఒక ఫొటో స్టూడియోలో పనిచేసేది. నెగెటివ్‌ల మీద సన్నటి పెన్సిల్‌తో పెళ్లికూతుళ్ల మొటిమలు, మచ్చలు మాయం చేయడం ఆమె పని. కెమెరా పట్టాలన్నది ఆమె కల. ఊళ్లో జరిగే ఫొటోల పోటీలో ఒక్కసారి నెగ్గితే పెళ్లిళ్లకు కెమెరా ఇచ్చి పంపుతానని స్టూడియో యజమాని నవ్వులాటకు అన్నాడు. ఆమె దాన్ని నవ్వులాటగా తీసుకోలేదు.

ఓ పాత కెమెరా అడిగి తెచ్చుకుని, ఆదివారాలు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని పబ్లిక్ గార్డెన్‌కు వెళ్లేది. లెన్సు ఊడదీసి, తిరగేసి, ఎడమచేత్తో కెమెరాకు అదిమి పట్టేది. అలా పడితే చీమ మీసం కూడా తాడంత కనిపిస్తుంది. వెంట్రుకవాసి కదిలితే మాత్రం అంతా మసకే. స్పష్టంగా కనిపించేదాకా మనమే ఊపిరి బిగబట్టి ముందుకీ వెనక్కీ ఒరగాలి. ఆ పాఠం నాకు ఇట్టే వచ్చింది. రెండోది రాలేదు.

"ఉరకకు రా. ముందు గాడ కూసో. అది నిన్ను జూసి భయపడుడు ఆపినంక కెమెరా ఎత్తు," అనేది.

తూనీగ తోకకు దారం కట్టి ఎగరేసే వయసు నాది. కూర్చోవడం నా వల్ల ఎక్కడవుతుంది? మూడు ఆదివారాలు పోయాయి. రీలులో రెండు ఫొటోలే మిగిలాయి. అక్క నీళ్లు తాగడానికి కుళాయి దగ్గరికి వెళ్లింది. బడిలో చార్టులు అంటించే గోందు నా జేబులో ఉంది. మంచుకు తడిసి ఎగరలేకపోతున్న తూనీగను పట్టుకుని, దాని ముందు కాళ్లను కొమ్మకు అదిమాను. కాసేపు రెక్కలు కొట్టుకుని అలసిపోయింది.

అక్క వచ్చి రెండు ఫొటోలూ తీసింది. "చూసినవా రా, గిది నన్ను నమ్మింది!" అని చిన్నపిల్లలా సంబరపడింది. ఆమె అటు తిరగగానే తూనీగను పీకేశాను. కాళ్లు కొమ్మకే ఉండిపోయాయి.

పోటీ రోజు ఆ ఫొటోను పెద్దది చేసి హాలు గోడకు తగిలించారు. బహుమతి నిర్ణయించే పెద్దమనిషి దగ్గరికి వచ్చి, కాళ్ల దగ్గర వేలు పెట్టాడు. మామూలుగా కంటికి ఆనని చుక్క అక్కడ గోళీకాయంతై మెరుస్తోంది.

"గోందు!" అన్నాడు. హాలంతా నవ్వింది.

"మొటిమలు దాచే చెయ్యి, గింత గోందు దాచలేకపాయె," అన్నాడు స్టూడియో యజమాని. నా వైపు తిరిగి, "నువ్వు పక్కనే ఉన్నవ్ గద రా, ఎవరు పెట్టిన్రు?" అని గద్దించాడు.

అక్క నన్నే చూస్తోంది. నేను నేల చూశాను.

"అక్కే," అన్నాను.

ఆమె కాదనలేదు. మర్నాటి నుంచి మళ్లీ పెన్సిలే. వచ్చిన గిరాకీల ముందు యజమాని ఆమెను "ఏం గోందమ్మా" అని పిలిచేవాడట. అక్క మళ్లీ మా గడప తొక్కలేదు. కెమెరా ముట్టినట్టూ వినలేదు. ఈనాటికీ ఏ పురుగు ఫొటో చూసినా నా చూపు ముందు కాళ్ల దగ్గరికే పోతుంది.

మొన్న మా అమ్మాయి ఫోనుకు తగిలించే చిన్న లెన్సు తెచ్చుకుని, ఎలా తీయాలో నేర్పమంది. ముందు కూర్చో, అది భయపడటం మానేదాకా ఆగు అని చెబుతూ చెబుతూ, అవి అక్క మాటలేనని గుర్తొచ్చి లెన్సు కింద పెట్టేశాను. మర్నాడే వాకబు చేసి, హిమాయత్‌నగర్‌లో అక్క ఉంటున్న ఇంటికి వెళ్లి జరిగిందంతా చెప్పాను.

"నాకు ఎరికే," అంది, జుట్టంతా నెరిసిన అక్క. "ఆ పొద్దు రోడ్డు దాటిస్తుంటే నీ వేళ్లు నా చేతికి అంటుకున్నయ్. మిఠాయి తిన్నవనుకున్న. హాలుల గోందన్నంక సమజైంది. నువ్వే చెప్తవని చూసిన."

తర్వాత ఒక్కటే అడిగింది.

"దాని కాళ్లు ఊడినయా?"

ఆ ఒక్క సంగతే నేను అప్పటిదాకా చెప్పలేదు.

"ఊడాయక్కా," అన్నాను. "అది నిన్ను నమ్మలేదు, నేనే కదలనివ్వలేదు. నువ్వు నన్ను నమ్మావు. తప్పయిందక్కా."