కాకినాడ దొరల హోటల్లో నేను తినని చేప

ఆ రోజుల్లో మాకు సముద్రమంటే ఎవరో ఒకరు చెప్పగా వినేదే తప్ప కళ్ళతో చూసేది కాదు. నల్లగొండ వైపు పల్లె నుంచి మా నాయన లారీ ఆఫీసులో పనికని వచ్చి, దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక గదీ ఒక వంటిల్లూ ఉన్న పోర్షన్‌లో మమ్మల్నందరినీ సర్దాడు. ఇప్పుడు ఎల్బీ నగర్ అని అందరూ మెట్రో దిగే వైపు అప్పుడు జొన్న చేలూ, తుమ్మ చెట్లూ, బెజవాడ రోడ్డు మీద లేచే లారీల దుమ్మూ తప్ప ఇంకేమీ లేవు. ఆ దుమ్ములో అరుగు మీద కూర్చుని, పక్క పోర్షన్ గోదారిగాడు కాకినాడ సముద్రం గురించీ, ఆ ఒడ్డున ఉన్న దొరల హోటల్ గురించీ చెబుతుంటే నోరు తెరుచుకుని వినేవాణ్ణి. (వాడికి ఆ పేరు పెట్టింది నేనే. వాళ్ళ నాన్న ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తా. వాడు నాకు పెట్టిన పేరు ఇక్కడ రాయదగింది కాదు.)

"ఒరేయ్, అక్కడ తెల్లదొరల ఓడల కెప్టెన్లు కూర్చుని తాగేవోరు తెల్సా? టేబుల్ మీద తెల్లగుడ్డ, ఇత్తడి బొత్తాల కోటేసుకున్న బట్లరు. చేప ఇంత ఉంటుందిరా, ఇంత!" అని మోచెయ్యి దాకా చూపించేవాడు.

"నువ్వు తిన్నవా?"

"మావయ్య తిన్నాడు" అనేవాడు, కొంచెం గొంతు తగ్గించి. "మన దుకాణం పెట్టాక నిన్ను తీసుకెళ్తాగా!"

మన దుకాణం అంటే కిరాయి సైకిళ్ళ దుకాణం. చదువు మా ఇద్దరికీ అచ్చిరాలేదని మేమిద్దరమే కాక ఊరంతా ఒప్పుకున్నాక మేం వేసుకున్న ప్లాను అది. పంక్చర్లు నేను వేయాలి, మాటలు వాడు చెప్పాలి. రోడ్డు మీద ఒక మడిగె, అదే దుకాణం గది, కూడా చూసి పెట్టుకున్నాం.

ఇక వాళ్ళమ్మ. ఆమెను పిన్ని అనేవాణ్ణి. మేం ఆదివారం చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు శనివారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి పోయేవాళ్ళు. నేను మాత్రం రెంటికీ పోయేవాణ్ణి (గుడికి పులిహోర కోసం, చర్చికి నాయన భయానికి). మా ఇండ్లల్లో ఒక మర్యాద ఉంది. ఎవరైనా తినమని ఏదైనా పెట్టబోతే వెంటనే చెయ్యి చాపకూడదు. "వద్దు" అనాలి. మళ్ళీ అడిగితే "అయ్యో, ఇప్పుడే తిన్న" అనాలి. మూడోసారి బతిమాలితే అప్పుడు, ఏదో వాళ్ళ మనసు నొప్పించలేక ఒప్పుకున్నట్టు మొహం పెట్టి, "సరే, జరంత" అనాలి. ముందే చెయ్యి చాపితే "ఎన్నడూ తిండి మొహం చూడనట్టు" అని మా అమ్మ ఇంటికొచ్చాక వీపు చిట్లగొట్టేది. పిన్నికి ఈ సంగతి వచ్చిన నెలలోనే అర్థమైపోయింది. "నీ వద్దులన్నీ నాకు తెలుసులే గానీ కంచం పట్రా" అని అడక్కుండానే వడ్డించేసేది. ఆమె గోంగూర పచ్చడి తిన్న రోజు మా ఇంట్లో అన్నం సహించేది కాదు.

అరవై తొమ్మిది వచ్చింది, ప్రత్యేక తెలంగాణ గొడవ మొదలైంది. బడులు మూశారు, బస్సులు ఆగాయి, రోడ్డు మీద టైర్లు కాలాయి. మా ఇంటి ముందు గోడ మీద ఎవరో బొగ్గుతో "ఆంధ్రోళ్ళు వాపస్ పోవాలె" అని రాసిపోయారు. ఆ గోడ రెండు పోర్షన్లకూ కలిపి ఒక్కటే. మా అమ్మ పొద్దున్నే చూసి లబోదిబోమంది. "గిదేందిరా, గీ గోడ మనది గూడ గదా! మనల్ని గూడ పొమ్మన్నట్టేనా?" అని చీపురూ నీళ్ళూ పట్టుకుని మధ్యాహ్నం దాకా కడిగింది. బొగ్గు పోయింది, దాంతోపాటు సున్నమూ పోయింది, అక్షరాలు మాత్రం మునుపటికంటే స్పష్టంగా కనబడ్డాయి. ఆ వారంలోనే పిన్నివాళ్ళు కాకినాడ పోవడానికి సామానంతా సర్దుకున్నారు. లారీ మాట్లాడిపెట్టింది మా నాయనే. పిన్ని మా అమ్మను పట్టుకుని ఏడ్చింది. గోదారిగాడు లారీ ఎక్కుతూ "నెల్లో వచ్చేస్తాన్రా, మడిగె పోనీకు" అన్నాడు.

నెల పోయింది, ఇంకో నెలా పోయింది. మడిగె మాలిక్ "ఐతారం దాక ఆగుత. ఆయెంక ఇంకోనికిస్త" అన్నాడు. వాడు లేకుండా దుకాణమేంది? నాకు పంక్చర్ వేయడం వచ్చు గానీ మనిషిని ఆపి మాట్లాడటం రాదు. అసలు సంగతి దుకాణం కూడా కాదు. అరుగు మీద ఒక్కణ్ణే కూర్చుని దుమ్ము తినడం నా వల్ల కాలేదు. వస్తున్నానని వాడికి కార్డు రాసేసి బయల్దేరాను. "రైళ్ళు ఆపుతుండ్రు, రాళ్ళేస్తుండ్రు, ఏడికి పోతవురా?" అని నాయన అరిచాడు. "గోదారిగాన్ని తోలుకొస్త" అన్నాను, ఏదో మేకపిల్లను తోలుకొచ్చినట్టు.

సామర్లకోటలో రైలు మారి కాకినాడలో దిగేసరికి నా బట్టలు ఏ రంగువో నేనే చెప్పలేకపోయాను. గోదారిగాడు ఇస్త్రీ ప్యాంటు వేసుకుని స్టేషన్లో నిలబడి ఉన్నాడు. చెయ్యి పట్టుకున్నాడు, వెంటనే వదిలేశాడు. "తిన్నగా హోటల్‌కే పోదాంరా. మావయ్య టేబుల్ చెప్పించాడు" అన్నాడు. నా గుండె పొంగిపోయింది. చూశారా, వచ్చీ రాగానే దొరల హోటల్! అడగకముందే అంత మర్యాద! ఆ రిక్షాలో నేను కూర్చున్న తీరు చూసి తీరాల్సింది, కలెక్టరు కూడా అంత వెనక్కి వాలి కూర్చోడు.

హోటల్ నిజంగానే సముద్రం ఒడ్డునే ఉంది. అంతవరకు వాడు చెప్పింది అబద్ధం కాదు. గోడలు పెచ్చులూడి, లోపలి ఇటుకలు ఉప్పుగాలికి అరిగిపోయి ఉన్నాయి. కెప్టెన్ల ఫోటోల్లో చెదలు ఎవరికీ మొహాలు మిగల్చలేదు. బార్ అన్న చోట నల్లటి పెద్ద బల్ల, వెనక అద్దాల బీరువా నిండా ఖాళీ సీసాలు. ఆ జిల్లాల్లో మద్యనిషేధం ఎత్తేశారని కొందరు, ఇంకా లేదని కొందరు అనుకుంటున్న రోజులవి. ఏదైతేనేం, దొరలు తాగిన ఆ బల్ల దగ్గర మాకు దొరికింది గోలీ సోడా. పక్కగదిలో దొరలు కర్రలతో బంతులాడుకున్న పచ్చబల్ల మీద ఎండుమిర్చి ఆరబోసి ఉంది. బట్లరు మాత్రం ఉన్నాడు. కోటూ ఉంది. బొత్తాలు లేవు.

మావయ్య మాకంటే ముందే వచ్చి కూర్చున్నాడు. నన్ను పైనుంచి కింది దాకా చూసి "రావయ్యా" అన్నాడు. మొదట సూపు వచ్చింది. వేన్నీళ్ళలో క్యారెట్ స్నానం చేసి వెళ్ళిపోయినట్టుంది దాని రుచి. తర్వాత బట్లరు పెద్ద పళ్ళెం పట్టుకొచ్చాడు. చేప! మోచెయ్యంత లేదు గానీ అరచెయ్యి కంటే పెద్దదే, ఎర్రగా వేగి, వాసన నేరుగా పొట్టలోకి పోయింది. రెండు రాత్రులుగా నాకు సరిగా తిండి లేదు. బట్లరు వంగి నా పక్కన నిలబడ్డాడు.

"వద్దు" అన్నాను, అమ్మ నేర్పినట్టు.

పళ్ళెం వెళ్ళిపోయింది.

వెళ్ళిపోయిందంటే నిజంగానే వెళ్ళిపోయింది! దొరల దగ్గర పని నేర్చుకున్న మనిషికి వద్దంటే వద్దనే అర్థం. మావయ్యకు రెండు ముక్కలు, గోదారిగాడికి రెండు ముక్కలు పడ్డాయి. నేను గోదారిగాడి వైపు చూశాను. నా వద్దుకు అర్థం ఆ టేబుల్ దగ్గర తెలిసినవాడు వాడొక్కడే. "వేయించుకోరా" అని ఒక్కమాట అంటే చాలు. వాడు తల వంచుకుని చేపలో ముళ్ళు ఏరుతున్నాడు. తర్వాత కోడి వచ్చింది. ఈసారైనా అడక్కపోతాడా అని ఆశ, అలవాటు కొద్దీ మళ్ళీ వద్దనేశాను, అదీ పోయింది. అడక్కుండా నా పళ్ళెంలో పడ్డవి ఉడకబెట్టిన ఆలుగడ్డలు మాత్రమే. ఉప్పు కూడా లేదు వాటికి. చివర్లో వణుకుతున్న పసుపుపచ్చ పుడ్డింగు ఏదో వస్తుంటే మర్యాద గంగలో కలవనీ అనుకుని దూరం నుంచే "పెట్టుండ్రి, పెట్టుండ్రి" అన్నాను. "రెండే ఉన్నాయండి" అన్నాడు బట్లరు.

"చేపలు తినవేమయ్యా? మీ వైపు అలవాటుండదులే" అన్నాడు మావయ్య, మూతి తుడుచుకుంటూ.

ఇక ఆగలేక గోదారిగాడితో అనేశాను. "మడిగె ఇంక ఖాళీగనే ఉందిరా. ఐతారం దాక ఆగుతనన్నడు. నువ్వొస్తే సోమారం నుంచే తెరుద్దాం."

జవాబు మావయ్య చెప్పాడు. "ఏ మొహం పెట్టుకుని రమ్మంటున్నావయ్యా? గోడల మీద పొమ్మని రాసింది మీరు కాదూ?"

"మేం రాయలే సార్. మా అమ్మ కడిగింది."

ఆయన పెద్దగా నవ్వాడు. నేను జోకు వేశాననుకున్నాడో ఏమో. "వీడికి పోర్టులో ఉద్యోగం చూశాను" అని లేచి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. గోదారిగాడు పళ్ళెంలో ముళ్ళను ఒక పక్కకు వరసగా పేరుస్తున్నాడు. మా ఇద్దరిలో మాటలవాడు వాడే కదా, ఆ రోజు వాడి మాటలన్నీ ఎక్కడ పోయాయో!

స్టేషన్ దాకా నడిచాం. సముద్రం పక్కనే అరుస్తోంది. దాన్ని చూడాలని కూడా అనిపించలేదు.

"పిన్నిని చూసి పోతరా నేను. ఇల్లు ఏడ?"

"వద్దులేరా."

"గట్లెట్ల? గింత దూరమొచ్చి కలవకుంట పోతే మా అమ్మ తంతది నన్ను."

వాడు ఆగాడు. నా మొహం చూడకుండా చెప్పాడు. "అది మావయ్య ఇల్లురా. మాది కాదు. నువ్వొచ్చావని అమ్మకి చెప్పలేదు. చెప్తే ఇంటికి తీసుకురమ్మంటుంది. మావయ్య ఒప్పుకోడు. అందుకే హోటల్లో పెట్టించాం."

నాకు అప్పుడు వెలిగింది. సొంతవాణ్ణయితే వంటింట్లో పీట వేసేవాళ్ళు. పైవాణ్ణి కాబట్టి టేబుల్ చెప్పించారు. రిక్షాలో కలెక్టరులా కూర్చుని నేను వెళ్ళింది, వాళ్ళ గడప తొక్కకుండా నన్ను పక్కకు తప్పించడానికి చూసిన చోటికి. మావయ్య వద్దన్నది మా ఊరి పేరు వల్లో, మా చర్చి పేరు వల్లో, లేక రెండూ కలిసో, నాకిప్పటికీ తెలియదు. అడగలేదు. వాణ్ణి నాలుగు తిట్లు తిట్టాలనుకున్నాను, వాడి ఇస్త్రీ ప్యాంటు చూస్తే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

"అయితే రావా?" అన్నాను.

"రానురా" అన్నాడు. అంతే. రైలు వచ్చింది.

మడిగె ఇంకొకడికి పోయింది. (ఇప్పుడక్కడ అయిదంతస్తుల కోచింగ్ సెంటర్. ఆ ముందు నుంచి పోయినప్పుడల్లా నేను అటు తిరిగి చూడను.) గోదారిగాణ్ణి మళ్ళీ కలవలేదు. ఉత్తరం వాడూ రాయలేదు, నేనూ రాయలేదు. ఆ కోపం ఇన్నేళ్ళకూ చల్లారలేదు, చల్లారిందని చెబితే అబద్ధమే.

ఇల్లు చేరేసరికి అమ్మ గుమ్మంలోనే నిలబడి ఉంది. దుకాణం సంగతి అడగలేదు, వాడి సంగతీ అడగలేదు. "పిన్ని మంచిగున్నదా? ఏం వండి పెట్టిందిరా?" అని అడిగింది.

నిజం చెబుదామనే నోరు తెరిచాను. అమ్మ కళ్ళు చూశాక నోట్లోంచి గోంగూర పచ్చడి వచ్చింది. దాని వెనక ముద్దపప్పు, నెయ్యి, చేపల పులుసు, మీగడ పెరుగు వరసగా వచ్చేశాయి. వద్దన్నా వినకుండా పిన్ని వడ్డిస్తూనే ఉందని చెప్పాను. నిన్నే అడిగిందమ్మా, మళ్ళీ మళ్ళీ అడిగింది అని చెప్పాను. అమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని "గామె చెయ్యే అసుంటిది బిడ్డా" అంది. తర్వాత ఎన్నో ఏళ్ళు, ఎవరింటికి భోజనానికి పోయినా, "మావోనికి కాకినాడల పెట్టిండ్రు సూడు, అట్ల పెట్టాలె" అని అమ్మ చెబుతూనే ఉండేది. నేను పక్కన నిలబడి తల ఊపేవాణ్ణి. ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వొస్తుంది. రెండు రోజులు ఉప్పులేని ఆలుగడ్డల మీద ప్రయాణం చేసి వచ్చిన ఆ పిల్లగాడు, గుమ్మంలో నిలబడి పిన్ని వడ్డించని పప్పు గురించి చెబుతూ, పాపం, నోట్లో ఊరిన నీళ్ళు మింగుతున్నాడు.